పలుగురాయి పిండి

డిగ్రీలో జియాలజీ నేను కోరి తీసుకున్నది కాదు. అడిగిన గ్రూపులో సీట్లు అయిపోయాయి, మిగిలిన గ్రూపులో ఇది ఉంది. చేరేటప్పటికి ఆ మాటకి అర్థం కూడా నాకు సరిగ్గా తెలియదు. డెబ్బైల చివరి మాట ఇది. మాది సబ్బవరం దాటాక లోపలికి ఉండే పల్లె. అక్కణ్ణించి విశాఖపట్నం రోజూ వెళ్లి రావడం ఆడపిల్లకి అయ్యే పని కాదని నాన్న నన్ను గాజువాకలో మా అక్క ఇంట్లో దింపి వెళ్లాడు.

అక్క, బావ, నేను. రెండు గదుల పెంకుటిల్లు, వెనక వసారాలో వంట, పెరట్లో నుయ్యి. బావ వాళ్లది స్టీల్ ప్లాంటు కోసం తీసుకున్న ఊళ్లలో ఒకటి. పొలం పోయింది. భూమి ఇచ్చిన ఇంటికి ఉద్యోగం వస్తుందని అందరూ అనుకునేవాళ్లు గానీ అప్పటికి ప్లాంటంటే కంచె, ఎర్రమట్టి, తుప్పలు. ఆ ఉద్యోగం వచ్చేదాకా ఏదో ఒక పని చెయ్యాలి కాబట్టి బావ ఊరి చివర ఒక రాతిపిండి మిల్లులో చేరాడు. అక్కడ బలపపు రాయి ఆడతారు. ఆ పిండి సబ్బుల్లోకీ, పౌడర్లలోకీ వెళ్తుందట. సాయంత్రం బావ తెల్లగా, కనురెప్పలతో సహా తెల్లగా వచ్చేవాడు. నేను నవ్వేదాన్ని.

"నవ్వుకోయే పిల్లా. సినిమావోళ్లు డబ్బులిచ్చి రాయించుకుంటారు పౌడరు, నాకు ఊరకనే ఒస్తంది" అనేవాడు బావ.

ఇంట్లో ఇలా నవ్వులుండేవి. కాలేజీలో మాత్రం నాకు మొదటి రోజునించీ భయమే. ముఖ్యంగా ల్యాబ్ అంటే. పొడుగాటి బల్ల మీద చెక్క ట్రేలు, ట్రేకొక రాయి. గంట కొడితే మనం ఒక రాయి ముందు నుంచి ఇంకో రాయి ముందుకి జరగాలి. ఆ కాస్త వ్యవధిలో దాని పేరు, గుణాలు రాసెయ్యాలి. నాకు అన్నీ ఒకలాగే కనిపించేవి. మా ఊళ్లో రాయి అంటే రాయే, నల్లదో ఎర్రదో. చేతిలో పట్టుకుంటే చెమటకి రాయి తడిసి రంగు మారిపోయేది, దాంతో ఇంకా గాభరా.

మాస్టారు బక్కపల్చని మనిషి. గట్టిగా అరిచేవారు కాదు. అరిచినా బాగుండు అనిపించేది. పక్కన నిలబడి, మన చేతిలో రాయి వైపు చూస్తూ, "పేరు నాకు తెలుసమ్మా. ఆ పేరే ఎందుకో చెప్పు" అనేవారు. నేను తడుముకునేదాన్ని. మొదటి పరీక్షలో పాలరంగు రాయిని పట్టుకుని సున్నపురాయి అని రాశాను. ఆయన సీసాలోంచి ఒక చుక్క యాసిడ్ దాని మీద వేశారు. సున్నపురాయైతే బుసబుసా పొంగాలి. ఆ చుక్క నీటిబొట్టులా అలాగే కూర్చుంది. తర్వాత గాజుముక్క తీసుకుని ఆ రాయితో ఒక గీత గీశారు. కిర్రుమంది. గాజు మీద తెల్లటి గీత పడింది.

"ఇది పలుగురాయి. క్వార్ట్జ్. ఇది గాజుని కోస్తుంది. చాకు దీన్ని ఏమీ చెయ్యలేదు. బలపం చూడు" అంటూ ఇంకో ట్రేలోంచి తీసి గోటితో గీకారు. పొడి రాలింది. "ఇది అన్నిటికన్నా మెత్తన. రెండూ తెలుపే. పొడి చేస్తే రెండూ పిండే. కంటితో చూసి నమ్మకు, గీసి చూడు."

ఆ రోజు సిగ్గుతో చచ్చిపోయాను గానీ ఆ మాట మాత్రం పట్టుకున్నాను. అప్పటినించీ కనిపించిన ప్రతిదాన్నీ గీయడం అలవాటైంది. బస్టాపు దగ్గర కంకర ఏరి మేకుతో గీకేదాన్ని. యారాడ కొండ రాయిలో ఎర్రటి గింజలు గార్నెట్ అనీ, మెరిసే రేకులు అభ్రకమనీ మెల్లగా తెలిసింది. రాళ్లంటే భయం కాస్త తగ్గుతోంది అనుకుంటున్న రోజుల్లో అసలు భయం ఇంట్లోంచి మొదలైంది.

బావ మిల్లునుంచి అప్పుడప్పుడు పిండి పొట్లం కట్టి తెచ్చేవాడు, గిన్నెలు తోముకోడానికి. అక్క బూడిదలో కలుపుకుని తోమేది. ఆ చలికాలం ఒకరోజు అక్క పెరట్లో కూర్చుని లాంతరు చిమ్నీ తోముతూ విసుక్కుంది.

"ఏటోనే, ఈ మజ్జిన పిండి మారిపోనాది. గిన్నెలు తళతళలాడిపోతన్నాయి గానీ సిమ్నీ సూడు, ఎలాగ పాడైపోనాదో. లోపల దీపం మసగ్గా కనిపిత్తంది."

చిమ్నీ అందుకుని వెలుగులో పెట్టి చూశాను. గాజంతా సన్నటి గీతలు. వెంట్రుకల కన్నా సన్నంగా, గుండ్రంగా, అక్క చెయ్యి తిరిగిన దారినే తిరిగి ఉన్నాయి.  బలపం పిండి గాజుని గీయలేదు. నూరు చిమ్నీలు తోమినా గీయలేదు.

"బూడిదలో ఇసక కలిసిందేమో అక్కా" అన్నాను.

"ఇసకేటి, జల్లించీసి పోసుకుంతాను కదా" అంది అక్క.

ఆ పొట్లంలోంచి చిటికెడు కాగితంలో మడిచి పుస్తకాల మధ్య పెట్టుకున్నాను. మర్నాడు ల్యాబ్‌లో ఎవరూ చూడకుండా రెండు గాజుపలకల మధ్య ఆ పిండి వేసి రుద్దాను. పళ్లు జివ్వుమనే చప్పుడు. పలకలు కడిగి చూస్తే రెండూ గరుకెక్కి ఉన్నాయి. యాసిడ్ చుక్క వేశాను. పొంగలేదు. ఇంక మాస్టారి దగ్గరికి వెళ్లక తప్పలేదు. ఆయన గది గడప దాటడమంటేనే నాకు భయం. ఆ రోజు భయం అందుకు కాదు.

ఆయన ఆ పిండిని నీటిబొట్టులో కలిపి మైక్రోస్కోపు కింద పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత లేచి నన్ను చూడమన్నారు. పగిలిన సీసా ముక్కల్లా, పారదర్శకంగా, అంచులు వాడిగా వేలకొద్దీ రేణువులు. బలపమైతే రేకులు రేకులుగా ఉంటుంది. ఒక్క రేకూ లేదు.

"ఏమిటిది?" అన్నారు.

"క్వార్ట్జ్ సార్."

"ఎందుకు?"

చెప్పాను. గాజుని గీస్తోంది, యాసిడ్‌కి పొంగలేదు, రేకులు లేవు, పగుళ్లు గాజుపెంకుల్లా ఉన్నాయి. జీవితంలో మొదటిసారి ఆయన ప్రశ్నకి తడుముకోకుండా జవాబు చెప్పాను. సంతోషం మాత్రం లేదు. తప్పని ఆయన అంటే బాగుండునని నిలబడ్డాను.

"ఎక్కడిది?"

"ఇంట్లో గిన్నెలు తోముకునేది సార్. మా బావ పనిచేసే మిల్లులోది."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మిల్లులో తడిపి ఆడతారా, పొడిగానే ఆడతారా?"

"పొడిగానే అనుకుంటాను సార్. ఒంటి నిండా పిండితో వస్తాడు."

"దగ్గుతున్నాడా?"

 కొన్నాళ్లుగా బావ పొద్దున్నే లేచి పెరట్లో పళ్లు తోముకుంటూ దగ్గుతున్నాడు. కఫం లేని పొడి దగ్గు. చుట్ట మానెయ్యమని అక్క దెబ్బలాడుతుంటే విని నవ్వుకుని ఊరుకునేదాన్ని. మాస్టారు మెల్లగా చెప్పారు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే బయటికి రాదు. కరగదు. లోపల గాయం చేస్తుంది, గాయం గట్టిపడుతుంది. పలుగురాళ్ల గనుల్లో, పలకల క్వారీల్లో పనిచేసినవాళ్లని ఆయన చూశారట. "అక్కడ పని మానిపించు. ఎక్స్‌రే తీయించండి. డాక్టరుకి ఏం పని చేస్తాడో తప్పకుండా చెప్పండి" అన్నారు.

ఆ సాయంత్రం బస్సులో కూర్చున్నాను గానీ ఎక్కడెక్కడ ఆగిందో తెలియదు. ఎలా చెప్పాలి? అక్కకి చెబితే ఏడుస్తుంది. బావకి చెబితే నవ్వి తీసిపారేస్తాడు. నేను పొరబడ్డానేమో అని కూడా ఒక ఆశ. ఇంటికి వెళ్లేసరికి బావ నూతి దగ్గర స్నానం చేస్తున్నాడు. తల మీంచి తెల్లటి నీళ్లు కారి కాలువలోకి పోతున్నాయి. ఎన్నో సాయంత్రాలు ఆ దృశ్యం చూసి నవ్వినదాన్ని ఆ రోజు చూడలేక లోపలికి వెళ్లిపోయాను.

రెండు మూడు రోజులు నోరు విప్పలేదు. బావ దగ్గిన ప్రతిసారీ చేతిలో ఉన్నది వదిలేసి వినేదాన్ని. ఈ దగ్గు నిన్నటికన్నా పొడుగా, పొట్టా? అన్నం తింటూ మధ్యలో ఆగితే అది ఊపిరి కోసమా, కూర కోసమా? భయం పట్టుకున్నాక మనిషి ప్రతి కదలికా ఒక గుర్తులా కనిపించడం మొదలెడుతుంది.

ఆ ఆదివారం బావ స్నేహితుడు ఇంటికొచ్చాడు. మా పక్క వీధే ఆయన ఇల్లు. నేను అన్నయ్యా అనేదాన్ని. సముద్రం మీద వేట చేసే ఇంట్లో పుట్టినవాడు. రాళ్లకి చిక్కుకున్న వలలు విప్పడానికి ఊపిరి బిగపట్టి నీటి అడుక్కి వెళ్లేవాణ్ణని కథలు చెప్పేవాడు. పడవ పాతబడి పోయాక బావకన్నా చాలా ముందే మిల్లులో చేరాడు. రాయి మర దగ్గరే ఆయన పని. ఆ రోజు వీధి చివర్నుంచి మా ఇంటిదాకా నడిచి, గుమ్మంలో రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి వంగి నిలబడిపోయాడు. భుజాలు ఎగిసిపడుతున్నాయి. మాట రావడానికి చాలాసేపు పట్టింది.

"ఏటి, ఇలాగైపోనావు?" అని బావ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"టీబీ అంతన్నాడు డాక్టరు. సూదులేత్తన్నాడు. తగ్గుతాదిలే" అన్నాడాయన. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి.

నేను వసారాలోంచి అడిగాను. "అన్నయ్యా, మిల్లులో ఇప్పుడు ఏం రాయి ఆడుతున్నారు?"

"బలపమే. కాకపోతే గట్టి బలపం అంట. పై ఊళ్లనించి ఒత్తంది. శానా యేళ్లుగా కొంచెం కొంచెం కలిపీవోరు, ఇప్పుడంతా అదే. ఇదివరకు సుత్తి ఒక దెబ్బేత్తే పగిలీది, ఇప్పుడు నిప్పురవ్వలొత్తన్నాయి" అన్నాడు.

నిప్పురవ్వలు. బలపం నుంచి నిప్పురవ్వలు. గోటికి రాలే రాయి నిప్పు రాల్చదు. ఆయన వెళ్లేదాకా ఆగి, అక్కనీ బావనీ వసారాలో కూర్చోమన్నాను. నా పెట్టెలోంచి ల్యాబ్ కోసం కొన్న గాజుముక్క తీశాను. చిన్నప్పటి పలక బలపం ముక్క ఒకటి తెచ్చి గాజు మీద రుద్దాను. తెల్లగా అంటుకుంది. కొంగుతో తుడిస్తే పోయింది. తర్వాత పొట్లంలోని పిండి గాజు మీద వేసి వేలితో రుద్దాను. కిర్రుమంది. తుడిచాను. గీతలు పోలేదు.

"బావా, ఇది బలపం కాదు. పలుగురాయి. మా మాస్టారు కూడా చూశారు. ఇది లోపలికి పోతే ఇలాగే చేస్తుంది. అన్నయ్యకి టీబీ కాదేమో."

బావ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. గాజుముక్క తీసుకుని బొటనవేలితో ఆ గీతల్ని తడిమాడు, మళ్లీ తడిమాడు. అక్క ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

"భయపెడతన్నావే పిల్లా" అన్నాడు చివరికి.

"నాకూ భయంగానే ఉంది బావా."

అక్క అప్పుడు ఏడవలేదు. లేచి వెళ్లి మూల డబ్బాలో ఉన్న పిండంతా తెచ్చి పెరటి గోతిలో పోసి, పైన నీళ్లు పోసి, మట్టి కప్పింది. తిరిగొచ్చి, "రేపటేలనించి ఎల్లకు" అంది. బావ తల అడ్డంగా ఊపాడు. చేస్తున్న పని ఒక్కసారిగా ఎలా వదలడం, ఇంకోటి చూసుకునేదాకా వెళ్తాను, తడిగుడ్డ కట్టుకుంటాను అన్నాడు. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. గెలిచింది బావే.

ఆ తర్వాత రోజులు నా జీవితంలో అన్నిటికన్నా భయంగా గడిచిన రోజులు. పొద్దున అక్క తువ్వాలు తడిపి, నీళ్లు పిండేసి, బావ మెడలో వేసేది. సాయంత్రం అది ముక్కు ఉన్నచోట ముద్దగా, తెల్లగా గట్టిపడి తిరిగొచ్చేది. ఒకరోజు బావ అన్నం కేరేజీ మర్చిపోయాడని నేను మిల్లుకి పట్టుకెళ్లాను. రేకుల షెడ్డు. లోపల మనుషులు కనిపించలేదు, తెల్లటి మబ్బులో నీడలు కదులుతున్నాయి. మర చప్పుడుకి నేల అదురుతోంది. గుమ్మం పక్కన రాళ్ల కుప్ప. దగ్గరికెళ్లి ఒకటి తీశాను. పాలరంగు, నూనె రాసినట్టు నిగనిగ, పగిలినచోట గాజులా వంపు. గీసి చూడక్కర్లేకపోయింది. ఊపిరి బిగపట్టి కేరేజీ గుమ్మంలో పెట్టేసి, రోడ్డు దాకా పరుగెత్తాను. అక్కడ నిలబడి గుండెల నిండా గాలి పీల్చుకుంటే, లోపల ఉన్నవాళ్లు గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

బావ ఊరుకోలేదు. మిల్లులో ఒకరిద్దరికి విషయం చెప్పాడు. అది యజమాని చెవిన పడింది. ఒక సాయంత్రం స్కూటరు మా ఇంటి ముందు ఆగింది. తెల్లటి బట్టలు, చేతికి గడియారం, మెత్తటి మాట. అక్క కుర్చీ వేసింది. ఆయన బావతో కాదు, నాతో మాట్లాడాడు.

"నువ్వేనా అమ్మా రాళ్లు చదువుతున్న పిల్లవి? మంచిది. చదువుకోవాలి. కాలేజీ చాలా దూరం కదూ, రెండు బస్సులు మారాలి. ఒక్కదానివే వెళ్తావా?"

నేను తల ఊపాను. 

"జాగ్రత్తమ్మా. ఆడపిల్లవి. తెలిసీ తెలియకుండా మాట్లాడితే నలుగురి పొట్ట కొట్టినట్టవుతుంది. బలపంలో రకాలు ఉంటాయి. మీ పుస్తకంలో అన్నీ ఉండవు."

బావ అంతవరకూ గోడ వారగా నిలబడి ఉన్నాడు. ముందుకొచ్చి, "ఆ పిల్లతో ఏటండి మాట? నాతో మాట్లాడండి" అన్నాడు. గొంతు పెంచలేదు. తర్వాత లోపలికెళ్లి గాజుముక్క తెచ్చి ఆయన చేతికిచ్చాడు. "రకం ఏదైతేటి, ఇది సూడండి. నాను రేపట్నించి రాను. మిగతావోళ్లకి నిజం సెప్పి ఆడించుకోండి."

ఆయన గాజుముక్క వైపు చూడనైనా చూడలేదు. దాన్ని కుర్చీ చేతి మీద పెట్టి లేచాడు. స్కూటరు చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా మేం ముగ్గురం కదల్లేదు.

బావ మానేశాడు. ఆ సంతోషం నాకు పూర్తిగా దక్కలేదు. ఎంతోకాలం బస్టాపులో నిలబడితే వెనక ఏ స్కూటరు ఆగినా మెడ బిగుసుకుపోయేది. అక్క నాతోపాటు బస్టాపుదాకా వచ్చి, బస్సు కదిలేదాకా నిలబడేది. సాయంత్రం బావ వచ్చి ఎదురుచూసేవాడు. ఏమీ జరగలేదు. జరగకపోవడానికీ, జరుగుతుందేమోనన్న భయానికీ సంబంధం ఏమీ ఉండదని అప్పుడే తెలిసింది.

అన్నయ్యని, బావని కలిపి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. అన్నయ్య భార్య, అక్క, నేను. డాక్టరమ్మ చిన్నవయసావిడ. నేను పని సంగతి చెబుతుంటే కలం ఆపి పూర్తిగా విన్నది. ఎక్స్‌రే ఫిల్ములు వచ్చాక కిటికీ వెలుగుకి పట్టి చూసింది. ముందు అన్నయ్యది. నల్లటి గుడ్డ మీద గుప్పెళ్లతో నూకలు చల్లినట్టుంది. పైభాగంలో అవి ఒకదానితో ఒకటి అతుక్కుని ముద్దలయ్యాయి.  తర్వాత బావది పట్టుకుంది. అక్క నా చెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగేలా.

బావ ఫిల్ములోనూ నూకలు ఉన్నాయి. పైన, రెండు వైపులా, పలచగా.

"దుమ్ము మానేశారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"మానీసినానండి."

"మళ్లీ ఎప్పుడూ వెళ్లకండి. ఉన్నవి పోవు. పెరగకుండా ఉండొచ్చు, పెరగొచ్చు కూడా. దీనికి మందు లేదు. టీబీ రాకుండా చూసుకోవాలి, చుట్ట ముట్టకూడదు." అన్నయ్యని మాత్రం ఆ రోజే చేర్చుకుంది.

అన్నయ్య వానలు మొదలయ్యేదాకా బతికాడు. చివర్లో పడుకోలేక, మంచం మీద కూర్చుని, దిండు మీద తల ఆనించి నిద్రపోయేవాడు. నేను వెళ్లినప్పుడు ఒకసారి, "నీటిలో ఊపిరి బిగపడితే ఎప్పుడో ఒకప్పుడు పైకొచ్చీవోణ్ణి సెల్లీ. ఇప్పుడు పైకెలాగొచ్చీదో తెలీట్లేదు" అన్నాడు. నేను ఆయన కళ్లలోకి చూడలేకపోయాను. ఆయన పోయాక మిల్లు నుంచి ఇంకో ముగ్గురు మానేశారు. వాళ్ల చోట్లోకి కొత్తవాళ్లు వచ్చారు. మాస్టారు ఎక్కడెక్కడికో తిరిగి ఆ పిండి గురించి చెప్పారు. చాన్నాళ్లకి ఒకరోజు షెడ్డు తలుపులకి తాళం కనిపించింది. ఎవరైనా మూయించారో, గిరాకీ లేక వాళ్లే మూసుకున్నారో మాకు తెలియదు.

బావ వన్ టౌన్‌లో ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్టులో కాటా వేసే పనికి కుదిరాడు. గాలి తగిలే పని. దగ్గు తగ్గింది, పోలేదు. నేను డిగ్రీ పూర్తి చేసి, ఒక ఖనిజాల ల్యాబ్‌లో పనికి చేరాను. పోర్టుకి వచ్చే ఇనుపరాయి నమూనాలు చూడడం నా పని. నా బల్ల దగ్గర ఎప్పుడూ తడిగుడ్డ ఉండాలని పట్టుబట్టేదాన్ని. మిగతావాళ్లకి అది చాదస్తంలా ఉండేది.

ఎనభైలు వచ్చాక ప్లాంటు పనులు ఊపందుకున్నాయి. క్రేన్లు, లారీలు, ఎక్కడెక్కడి మనుషులో దిగారు. ఒకరోజు బావకి పిలుపు వచ్చింది. ఎన్నాళ్లో ఎదురుచూసిన ఉద్యోగం. ఇంట్లో ఎవరమూ గెంతలేదు. ఎందుకంటే ఉద్యోగానికి ముందు వైద్యపరీక్ష ఉంటుంది, అందులో ఎక్స్‌రే తీస్తారు.

పరీక్ష రోజు ముగ్గురం వెళ్లాం. బావ కొత్త చొక్కా వేసుకున్నాడు. లోపలికి వెళ్లే ముందు నా వైపు తిరిగి, "మిల్లు సంగతి అడిగితే సెప్పాలా, మానీయాలా?" అన్నాడు.

 చెబితే ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే, తెలియక ఏ కొలిమి దగ్గరో, ఏ దుమ్ములోనో వేసేస్తే? అప్పుడు మళ్లీ మొదటికి వస్తాం. అక్క వైపు చూశాను. అక్క కళ్లు దించుకుంది.

"చెప్పు బావా. అంతా చెప్పు" అన్నాను. అన్న మరుక్షణం ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించింది.

అక్కా నేనూ బయట తుమ్మ చెట్టు కింద నిలబడ్డాం. లోపలికి వెళ్లినవాళ్లు వస్తున్నారు. కొందరు నవ్వుతూ, కొందరు ఎవరితోనూ మాట్లాడకుండా. ఒకతను వచ్చి రోడ్డు మీదే కూలబడి తల పట్టుకున్నాడు. అక్క కొంగు అంచుని వేళ్లకి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. ఎండ మా కాళ్ల మీదికి వచ్చింది, జరిగాం, మళ్లీ వచ్చింది. నా తప్పుడు సలహా వల్ల ఈ ఇల్లు కూలిపోతుందని మనసులో అప్పటికే నిర్ణయమైపోయింది. అక్కకి ఏం చెప్పాలో మాటలు వెతుక్కుంటున్నాను.

చివరివాళ్లలో వచ్చాడు బావ. మొహం చూసి ఏమీ తెలుసుకోలేకపోయాం. నెమ్మదిగా నడిచొచ్చి చెట్టు కింద నిలబడి ఊపిరి తీసుకున్నాడు.

"డాక్టరు ఫిల్ము సూసి, ఏటి పని సేసీవోడివి అన్నాడు. సెప్పినాను. ఎవులు కనిపెట్టినారు అన్నాడు. మా మరదలు అన్నాను. మళ్లీ ఇంకో డాక్టర్ని పిలిసి సూపించినాడు. ఇద్దరూ ఇంగిలీసులో మాట్లాడుకున్నారు. నాకు ముక్క అర్థం కానేదు."

"ఏటన్నారు? అది సెప్పు ముందు" అంది అక్క, దాదాపు అరిచినట్టు.

"కొలిమికాడికి, దుమ్ముకాడికి పంపకూడదు అని రాసినారు. మొక్కలు పెంచీ కాడ పని ఇత్తారంట. నర్సరీ." అని ఆగి, "ఏటాది ఏటాది ఫిల్ము తీయించుకోవాలంట" అన్నాడు.

అక్క చెట్టు మొదట్లో కూర్చుండిపోయింది. అప్పుడు ఏడ్చింది. ఇన్నేళ్ల ఏడుపూ ఒకేసారి ఏడ్చింది. నేను కూడా ఏడవాలేమోగాని, నా మనసు ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయింది. ఏటేటా ఫిల్ము. అంటే ఏటేటా ఒక రోజు కిటికీ వెలుగులో నూకలు లెక్కపెట్టుకోవాలి.

ఆ తర్వాత ఎన్నో ఫిల్ములు చూశాను. ప్రతిసారీ పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూసేదాన్ని. బావ చిరాకుపడేవాడు, అన్నీ ఒకలాగే ఉన్నాయి కదా అనేవాడు. నిజమే, చాలా ఏళ్లు ఒకలాగే ఉన్నాయి. ఆ రోజు మాత్రం అవన్నీ ఇంకా తెలియవు. బావ అక్కని చెయ్యి పట్టి లేపి, "ఆకలేత్తంది, పదండి" అన్నాడు. గాజువాక సెంటర్లో హోటల్లో కూర్చుని ఇడ్లీ తిన్నాం. బావ రెండోసారి చట్నీ అడిగాడు. పొలమారి దగ్గాడు. నేనూ అక్కా ఒకేసారి చేతులు ఆపేశాం. అతను మంచినీళ్లు తాగి, గ్లాసు దింపి, మళ్లీ తినడం మొదలుపెట్టేదాకా ఇద్దరం ముద్ద ఎత్తలేదు.